అపాయకరమైన వృత్తులు – ఆరోగ్య బీమా

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు ఏమి చెప్పునో మీకందరకును తెలియును. పరీక్షా ఫలితములు, బాలబాలికల హాజరు, గదుల మరమ్మతులు, రాబోవు సంవత్సరపు పాఠ్యపుస్తకములు – వీనిని గూర్చిన నివేదిక సంచికలో వేరుగా అచ్చగుచున్నది. కనుక నాకు లభించిన ఈ అరగంటను వేరొక విషయమునకు వినియోగింపదలచినాను. అది చదువునకు సంబంధించినది కాదని మొదట మీకు తోచవచ్చును. తుదివరకు వినిన పిమ్మట మీరే నిర్ణయింపుడు.

గంజాం తీరమున మన తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడక పూర్వము ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలో నుండెడిది. సరిహద్దు మారినను మన సముద్రము మారలేదు. మన వృత్తులును మారలేదు. మన పాఠశాలలో చదువుచున్న పిల్లల తండ్రులలో పలువురు సముద్రపు వేటకు పోవువారు. కొందరు పరంజాలపై నిలిచి మేడలకు రంగులు వేయువారు. కొందరు తాటిచెట్లెక్కి కల్లు గీయువారు. కొందరు విద్యుత్ స్తంభములెక్కువారు. కొందరు లారీలు నడుపువారు. తల్లులలో చేపల గంప నెత్తిన పెట్టుకొని తెల్లవారకముందే బజారునకు పోవువారు కలరు. ఎండలో, వానలో, ఎత్తులో, నీటిలో చేయు పనులివి. వీనిలో అపాయము లేని పని ఒక్కటియు లేదు.

మూడు సంవత్సరముల క్రిందట ఎనిమిదవ తరగతి బాలుడొకడు హఠాత్తుగా బడి మానెను. లెక్కలలో చురుకైనవాడు. వారము దినములు చూచి నేను వారి ఇంటికి పోతిని. తండ్రి మంచముపై నుండెను. వేటనుండి తిరిగి వచ్చుచుండగా, ఒడ్డున విరుగు కెరటమునకు పడవ అడ్డముగా తిరిగి అతని తొడపై పడినదట. జట్టువారు అతనిని ఆటోలో ఎక్కించి మొదట కనబడిన ప్రైవేటు ఆసుపత్రికి చేర్చిరి. అది ప్రభుత్వ పథకపు జాబితాలో ఉన్నదా లేదా అని ఎవరును అడుగలేదు. ఉచిత చికిత్సకు పనికివచ్చు కార్డు ట్రంకుపెట్టెలో ఉన్నది. పెట్టె తాళపుచెవి భార్యవద్ద ఉన్నది. భార్య బజారులో ఉన్నది. శస్త్రచికిత్స జరిగి ఎముక అతికినది. కాని అందుకొరకు చేపల వర్తకునివద్ద తెచ్చిన అప్పు మిగిలినది. ఆ అప్పు తీర్చుటకు బాలుడు పడవ ఎక్కెను.

ఆ తల్లి నన్నొక ప్రశ్న అడిగినది. “బ్యాంకులో ఇరవై రూపాయల బీమా ఉంది కదా మాస్టారూ! రెండు లక్షలు వస్తాయన్నారే, ఎప్పుడొస్తాయి?” అని. ముప్పది సంవత్సరములు పాఠములు చెప్పిన నాకు ఆనాడు ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. తెలిసికొనుటకు నాలుగు కార్యాలయములు తిరిగితిని. తెలిసిన జవాబు ఇది: అది ప్రమాద బీమా, ఆరోగ్య బీమా కాదు. ప్రాణము పోయినను, చేయి, కాలు, కన్ను శాశ్వతముగా పోయినను అందు సొమ్ము వచ్చును. విరిగి అతికిన ఎముకకు ఒక్క రూపాయి రాదు.

ఈ భేదము ముందుగా తెలిసియుండినచో వారు తమవద్ద నున్న కార్డుతో తగిన ఆసుపత్రికి పోయియుందురు. బాలుడు మన బడిలోనే ఉండెడివాడు. ఆ భేదమును మీకు విన్నవించుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

అపాయము సంభవించిన ఇంటిలో మూడు ప్రశ్నలు పుట్టును. ఆసుపత్రి ఖర్చు ఎవరు భరింతురు? ప్రాణమో అవయవమో పోయినచో ఆ కుటుంబమునకు ఎవరు సొమ్ము ఇత్తురు? సంపాదించువాడు మంచమున నున్న నెలలలో ఇంటి పొయ్యి ఎట్లు వెలుగును? ఈ మూడింటికి మూడు వేర్వేరు ఏర్పాట్లు కావలెను. ఒకదానిని చూచి మిగిలిన రెండును ఉన్నవనుకొనుటయే మనము చేయుచున్న పొరపాటు.

మన దేశమున చట్టము ఈ విషయమును ఆలోచింపలేదని కాదు. పనిలో గాయపడిన కార్మికునకు యజమాని నష్టపరిహారము ఈయవలెనని 1923లోనే చట్టము వచ్చినది. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము వచ్చినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో అది ఆచరణలోనికి వచ్చెను. మీరు ఈ.ఎస్.ఐ. అనునది అదియే. అందు చికిత్సయు కలదు, పని చేయలేని దినములకు భత్యమును కలదు; అనగా పై మూడు ప్రశ్నలకును ఒక్కచోటనే జవాబున్నది. ఆ రెండు చట్టముల స్థానమున 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చినది. ప్రాణాపాయకరమని ప్రభుత్వము ప్రకటించిన పనియైనచో ఒక్క ఉద్యోగి యున్న సంస్థకు సైతము ఈ.ఎస్.ఐ.ని వర్తింపజేయు అవకాశము అందు కలదు. జీతమునకు పనిచేయు తండ్రులు తమకు ఈ.ఎస్.ఐ. ఉన్నదా యని యజమానిని తప్పక అడుగవలెను.

కాని పడవపై పోవు జట్టులో యజమాని ఎవరు? జీతమెక్కడ? పడిన చేపను వాటాలు వేసికొందురు; పడనినాడు వాటా లేదు. తాటిచెట్టు ఎక్కువానికి హాజరుపట్టిక లేదు. కనుక మనవారిలో అధికసంఖ్యాకులకు ఆ మార్గము దొరకదు. వారు మూడు ఏర్పాట్లను మూడు చోట్ల వెదకికొనవలసినదే.

మొదటిది ఆసుపత్రి ఖర్చు. 2018 సెప్టెంబరు 23న కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును ప్రారంభించినది. మన రాష్ట్రమున అది 2025 ఏప్రిల్‌లో గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిసి అమలునకు వచ్చెను. అర్హత గల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభించును. మన రాష్ట్ర పథకము క్రింద స్త్రీలకు మరి 5 లక్షలు అదనముగా కలదు. డెబ్బది సంవత్సరములు నిండిన వృద్ధులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఈ సదుపాయమును 2024 అక్టోబరు 29 నుండి విస్తరించిరి. దీని యందు మీరు గుర్తుంచుకొనవలసినవి నాలుగు. పథకమున చేరిన ఆసుపత్రిలోనే ఇది చెల్లును. ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సకే చెల్లును. చీటీ వ్రాయించుకొని మందులు కొనుక్కొనుటకు చెల్లదు. కుటుంబములో ప్రతివ్యక్తికి వేరువేరుగా కార్డు ఉండవలెను. మన రాష్ట్రములోనే కాక ఇతర రాష్ట్రములలో ఈ పథకమున చేరిన ఆసుపత్రులలోను చెల్లును. కనుక విశాఖపట్టణమునకో చెన్నపట్టణమునకో వేటకు పోవువారు కార్డును ఇంట వదలి పోరాదు.

ఇక సొంత సొమ్ముతో బీమా సంస్థలవద్ద ఆరోగ్య పాలసీ కొను తల్లిదండ్రులును మనలో కొందరున్నారు. “మాది అపాయకరమైన పని, మాకు పాలసీ వర్తించదట” అని వారిలో పలువురు నాతో చెప్పియున్నారు. ఇది సగము విని పూర్తిగా నమ్మిన మాట. పాలసీ పత్రములలో తొమ్మిదవ సంఖ్య గల మినహాయింపు ఒకటి యుండును. పర్వతారోహణము, నదిలో రాఫ్టింగు, మోటారు పందెములు, గుఱ్ఱపు పందెములు, లోతు సముద్రములో మునుగుట మొదలైన సాహసక్రీడలలో వృత్తిగా పాల్గొనుటవలన కలిగిన గాయములకు చికిత్స ఖర్చు ఈయబడదని దాని సారాంశము. ఇందు రెండు మాటలు గమనింపుడు. ఒకటి ‘క్రీడ’, రెండవది ‘వృత్తిగా’. సెలవులలో సరదాకు కొండ ఎక్కిన విద్యార్థికి ఆ మినహాయింపు తగులదు. యాత్రికులను వెంటబెట్టుకొని అదే పనిగా రాఫ్టింగు చేయించు యువకునకు తగులును. మన పూర్వ విద్యార్థులలో అట్టి పనికి కుదిరినవారు పాలసీ కొనుటకు ముందే ఈ విషయమును వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనవలెను.

వేట మనకు క్రీడ కాదు, జీవనము. పరంజా ఎక్కుటయు క్రీడ కాదు. 2019లో బీమా నియంత్రణ సంస్థ జారీచేసిన మార్గదర్శకములలో, సాహసక్రీడలను మాత్రమే మినహాయింపవచ్చుననియు, అపాయకరమైన పనులవలన కలిగిన గాయములనుగాని వ్యాధులనుగాని ఆరోగ్య పాలసీలు మినహాయింపరాదనియు స్పష్టముగా నిర్ణయించిరి. మరియొక సంగతి. క్రొత్త పాలసీలలో మొదటి ముప్పది దినములు వ్యాధులకు చెల్లింపు ఉండదు. ప్రమాదమునకు మాత్రము ఆ నిరీక్షణ లేదు.

అట్లయిన చిక్కు ఎక్కడ వచ్చుచున్నది? వృత్తి దాచుటలో వచ్చుచున్నది. ఏజెంటు కాగితము నింపునపుడు వృత్తి అనుచోట ‘వ్యాపారము’ అని వ్రాయును. రుసుము తగ్గునని చెప్పును. మనము వ్రేలిముద్ర వేయుదుము. రేపు కెరటములో గాయపడి చెల్లింపు కోరునపుడు ‘మీరు వ్యాపారి గదా, అర్ధరాత్రి సముద్రములో ఏమి చేయుచుంటిరి?’ అని వారడిగిన మనకు సమాధానముండదు. ప్రమాద పాలసీలలో ఇది మఱింత ముఖ్యము. వానిలో వృత్తులను సాధారణముగా మూడు తరగతులుగా విభజింతురు. గుమాస్తా, ఉపాధ్యాయుడు మొదటి తరగతి. కాయకష్టము చేయువారు రెండవ తరగతి. గనులలో, ప్రేలుడు పదార్థములతో, అధికశక్తి విద్యుత్తుతో పనిచేయువారు మూడవ తరగతి. తరగతినిబట్టి రుసుము పెరుగును. నా రుసుము తక్కువ, మీ రుసుము ఎక్కువ; ఇది కష్టముగానే యుండును. అయినను తక్కువ రుసుముతో అబద్ధపు కాగితము కొనుటకంటె, కొంచెమెక్కువ ఇచ్చి నిజమైన కాగితము కొనుట మేలు. ఇంకొక మాట చెప్పక తప్పదు. తండ్రులు నన్ను మన్నింపవలెను. మత్తులో నుండగా జరిగిన ప్రమాదమునకు ఈ పాలసీలు సాధారణముగా చెల్లింపు నిరాకరించును.

రెండవ ప్రశ్న ప్రాణమునకు, అవయవమునకు సంబంధించినది. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనయే ఆ తల్లి చెప్పిన ఇరువది రూపాయల బీమా. మొదట 12 రూపాయలుండెడిది; 2022 జూన్ 1 నుండి 20 రూపాయలైనది. 18 మొదలు 70 సంవత్సరముల వయస్సువారికి వర్తించును. ప్రమాదమున మరణించినను, రెండు కన్నులో రెండు కాళ్ళో రెండు చేతులో పోయినను 2 లక్షలు; ఒక కన్నో ఒక కాలో ఒక చేయో పోయిన 1 లక్ష. ఈ బీమా సంవత్సరము జూన్ 1 నుండి మే 31 వరకు. ఆ దినములలోనే మీ బ్యాంకు ఖాతానుండి ఇరువది రూపాయలు తీసికొందురు. ఇప్పుడు ఆలోచింపుడు. మన తూర్పుతీరమున మరపడవల వేటకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు నిషేధము. ఏడాదిలో మన ఖాతాలు మిక్కిలి వట్టిపోయి యుండు దినములవియే. ఇరువది రూపాయలు లేక బీమా రద్దయిన సంగతి ఎరుగక, జూన్ 15న పడవ ఎక్కువారెందరో! మే నెల రాకముందే ఆ ఖాతాలో వంద రూపాయలు కదలకుండ ఉంచుడు.

మత్స్యకారులకు వేరుగా సామూహిక ప్రమాద బీమా కలదు. 2020లో ప్రకటింపబడిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో, మరణమునకు లేదా సంపూర్ణ శాశ్వత వైకల్యమునకు 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యమునకు రెండున్నర లక్షలు, ప్రమాదమువలన ఆసుపత్రి పాలైన 25 వేల రూపాయలు అని నిర్ణయించిరి. రుసుమును ప్రభుత్వములే భరించును, మత్స్యకారుడు చెల్లింపనక్కరలేదు. అయితే జాబితాలో పేరుండవలెను. పోయిన ఏడు ఉన్నది గదా యని ఊరకుండక, మత్స్యశాఖ కార్యాలయమున ప్రతి ఏడును విచారింపవలెను. సముద్రములో కనబడకుండ పోయినవారి సంగతి మరియు కష్టము. దేహము దొరకని వ్యక్తిని గూర్చి ఏడు సంవత్సరములు ఏ వార్తయు లేనపుడే మరణించినట్లు భావించుట చట్టపు సాధారణ నియమము. కావున ఏ దినమున, ఏ పడవలో, ఎవరెవరు పోయిరో ఒడ్డున వ్రాసి యుంచుట, ఎవరైన రానిచో వెంటనే పోలీసులకును మత్స్యశాఖకును వ్రాతమూలకముగా తెలుపుట, తోడివారి వాంగ్మూలము నమోదు చేయించుట అత్యవసరములు.

మూడవ ప్రశ్నకు, అనగా మంచమున నున్న దినముల తిండికి, ప్రభుత్వ కార్డులో జవాబు లేదు. కొన్ని ప్రమాద పాలసీలలో వారమునకింత అని ఇచ్చు అంశముండును. కొనునపుడు అడిగి చేర్చించుకొనవలెను. అది కొనలేనివారు జట్టుగా చేరి, ప్రతి వేటనుండి పిడికెడు వాటా వేరుగా తీసి దాచుకొనవలెను. మన తల్లులకు చీటీలు నడుపుట క్రొత్త కాదు. వివాహములకు దాచినట్లే విరిగిన ఎముకకును దాచవలెను.

ఇక నా తప్పొకటి ఈ సభలో ఒప్పుకొనవలసి యున్నది. మన పూర్వ విద్యార్థిని ఒకతె తండ్రి సముద్రమున ప్రాణము కోల్పోయెను. బ్యాంకులో ఆయన తన కుమార్తె పేరే వ్రాయించి యుండెను. ఇంటిలో పిలుచు పేరు, నాయనమ్మ పేరు, అదే వ్రాయించెను. కాని బాలిక కార్డులన్నిటిలో వేరొక పేరున్నది. ఆ పేరు ఎక్కడనుండి వచ్చినది? బడి ధ్రువపత్రమునుండి. బడిలో ఎవరు వ్రాసిరి? నేనే. అయిదేండ్ల పిల్లను నాయనమ్మ చేయిపట్టుకొని తెచ్చి పేరు చెప్పగా, అది పాతకాలపు పేరుగా నున్నదని తలచి, నాగరికముగా నుండునట్లు దిద్ది వ్రాసితిని. అపుడు మంచిపని చేసితిననియే అనుకొంటిని. ఇద్దరును ఒక్కరేయని నిరూపించుటకు ఆ బాలిక ప్రమాణపత్రములు పట్టుకొని నెలల తరబడి తిరిగినది. సొమ్ము తుదకు వచ్చినది. కాని కళాశాల ప్రవేశపు గడువు దాటిన తరువాత వచ్చినది.

అల్పసంఖ్యాకులమైన మనకు ఈ చిక్కు అందరికంటె ఎక్కువ. మనము ఇంటిపేరు ముందు వ్రాయుదుము. ఇచటి కార్యాలయములలో చివర వ్రాయుదురు. తెలుగు పేరు ఒడియా లిపిలోనికి ఒక విధముగా, ఇంగ్లీషులోనికి మరొక విధముగా పోవును. రేషను కార్డులో ఒక పేరు, ఆధారులో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు. బ్రతికియున్నంతకాలము మూడు పేర్లతోను పని జరిగిపోవును. ఆపద వచ్చిననాడే ఆ మూడును ముగ్గురు మనుష్యులగును.

కనుక మీకొక విన్నపము. ప్రతి నెల రెండవ శనివారము బడికి సెలవు. ఆ దినమున ఉదయము తొమ్మిది గంటలనుండి నేను నా గదిలో నుందును. మీ కాగితములన్నియు తెండు. తొమ్మిదవ తరగతి పిల్లలు నా ప్రక్కన కూర్చుందురు. వారు ఒడియా చదువగలరు, ఇంగ్లీషు చదువగలరు. ఆ పత్రములలో ఏమున్నదో మీకు మన తెలుగులో చదివి చెప్పగలరు. తెలుగు బడిలో చదివిన దానివలన ఏమి లాభమని ఏటేట అడుగువారికి, మీ పిల్లలే ఆనాడు జవాబు చెప్పుదురు. పేర్లు సరిపోల్చి, తేడా యున్నచోట ఏ కార్యాలయమునకు పోవలెనో వ్రాసి యిత్తుము. పాఠశాల రిజిస్టరులో తప్పున్నచో, నియమానుసారము దిద్దించు బాధ్యత నాది.

ఇంటికి పోయి మీరు చేయవలసినది ఒక్కటి. బీమా కాగితముల నకళ్ళను ఒక సంచిలో వేసి, పెట్టెలో కాక తలుపు వెనుక మేకునకు తగిలింపుడు. ఆ సంచి ఎక్కడ నున్నదో భర్తకు, భార్యకు, పెద్దబిడ్డకు ముగ్గురికిని తెలియవలెను. మీకు దగ్గరలో పథకమున చేరిన ఆసుపత్రి ఏదో 14555 అను సంఖ్యకు టెలిఫోను చేసి ముందే అడిగి, దాని పేరు సంచిపై పెద్ద అక్షరములతో వ్రాయుడు. జట్టులోని నలుగురికి ఆ పేరు చెప్పియుంచుడు. పడినవాడు తాను చెప్పలేడు.

పడవ దించకముందు గంగమ్మ తల్లికి మ్రొక్కుకొందుము. బీమా తీసికొనుట అపశకునమని మనలో కొందరు పెద్దలు తలచుచున్నారు. మ్రొక్కుకొనియు మనము లంగరు వేయుచున్నాము గదా! ఇదియు ఒక లంగరే. అయితే లంగరున్నదని తుపానులోనికి పోము. ప్రాణరక్షక జాకెట్టు తొడుగుకొనుట, పరంజాపై నడుమునకు పట్టెడ కట్టుకొనుట, హెచ్చరిక వచ్చిననాడు ఒడ్డుననే యుండుట – ఇవి బీమాకంటె ముందు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మన గోపాలపురముననే తీరము దాటినది. ఆనాడు ముందుగా కదలినందువలననే అనేకుల ప్రాణములు దక్కినవి.

నేను మొదట చెప్పిన ఆ బాలుడు పడవపైననే ఉన్నాడు. రెండు పర్యాయములు పోయి పిలిచితిని. ‘అప్పు తీరిన పిదప వత్తును మాస్టారూ’ అనెను. వాని పేరు హాజరుపట్టికనుండి కొట్టివేయవలసి వచ్చినది. ఆ గీత గీచిన దినము నాకు మరపునకు రాదు. వచ్చు సంవత్సరము ఈ వేదికపై నిలుచునపుడు అట్టి గీత ఒక్కటియు గీయలేదని చెప్పు భాగ్యము నాకు కలుగజేయుడని మిమ్ములను ప్రార్థించుచున్నాను.